సముద్రం మీద గొలుసు

మొన్న సాయంత్రం మా మనవరాలు హోంవర్కు రాసుకుంటూ వాళ్ళ నాన్నను అడిగింది, నాటికల్ మైలంటే ఎన్ని కిలోమీటర్లని. వాడు ఫోను కోసం జేబులు తడుముకుంటుంటే నేను వంటింట్లోంచే చెప్పేశాను, ఒకటీ పాయింటు ఎనిమిది ఐదు రెండు అని. తండ్రీకూతుళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని నా వైపు చూశారు.

"నీకెట్ల తెలుసు నానమ్మా? నువ్వు సముద్రం చూసినవా?"

చూడలేదు. బెల్లంపల్లిలో పుట్టాను, పెళ్ళయ్యాక కరీంనగర్ వచ్చాను. దాటిన నీళ్ళంటే గోదావరి ఒక్కటే, అదీ బస్సులో కూర్చుని. అయినా సముద్రం మీద దూరం ఎట్లా కొలుస్తారో పదేళ్ళప్పుడే నాకు తెలుసు. నాకూ, నేను బాపు అని పిలిచే మా నాన్నకూ. పిల్లకు ఏదో ఒకటి చెప్పి పొయ్యి దగ్గరికి వచ్చాను గానీ చెయ్యి ఆడలేదు. కూర అడుగంటి ఇల్లంతా వాసన వచ్చేదాకా నాకు సోయి లేదు.

బాపు బొగ్గుబాయి కంపెనీలో గొలుసు పట్టేవాడు. సర్వే ఆఫీసరు దుర్భిణిలో చూసి కాగితం మీద అంకెలు వేసుకుంటాడు. ఆయన ముందు గొలుసుకు ఆ కొసన ఒక మనిషి, ఈ కొసన బాపు. అరవై ఆరడుగుల ఇనుప గొలుసు అది. పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనభై గొలుసులు ఒక మైలు. బడిలో ఎక్కాలు రాకముందే నాకు ఈ లెక్క వచ్చింది. బాపుకు అక్షరం ముక్క రాదు కానీ అంకెల్లో మాత్రం ఆయన్ను మించినవాడు మా క్వార్టర్ల వరసలో లేడు.

ఆయనకు దగ్గర, దూరం అనే మాటలంటేనే చిరాకు. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వ సంచి పట్టుకుని "అంగడికి పోయొస్త, గీ పక్కకే గద" అంటే చాలు, బాపు అందుకునేవాడు.

"పక్కకేంది? పద్నాలుగు గొలుసులున్నది."

"అయితె గా గొలుసులు నీ మెడల ఏసుకొని కూసో" అనేది అవ్వ.

బాయి లోపల రెండు దిక్కుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన రెండు దారులు నడుమ ఒకచోట కలవాలట. కొలత తప్పితే కలవవట, ఒకదాని పక్క నుంచి ఒకటి పోతాయట. తాను గొలుసు పట్టిన దారి ఒక్కటీ తప్పలేదని బాపు ఎంత గొప్పగా చెప్పుకునేవాడో. వానాకాలం సాయంత్రాలు డ్యూటీ దిగి వస్తే తడి బొగ్గు, చెమట, బీడీ, అన్నీ కలిసిన వాసన ఆయన కంటే ముందే గుమ్మంలోకి వచ్చేది. అవ్వ బొగ్గుల పొయ్యి మీద మక్క కంకులు కాల్చేది. ఒక్కోనాడు గంజులో సర్వపిండి అద్దేది. కింద మాడిన చెక్కు కోసం నేనూ అన్నా కొట్టుకు చచ్చేవాళ్ళం. అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, అయినా వదిలేవాడు కాదు.

ఆ అన్నే ఇంట్లోంచి పోయాడు. బాపు ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడి బాయిలో పని మాట్లాడి వస్తే, వీడు అన్నం ముందు కూర్చుని తల అడ్డంగా ఊపాడు.

"నేను భూమి లోపటికి దిగ. బొంబాయి పోత, ఓడల పని దొరికింది. సోపతిగాడు మాట్లాడిండు."

బాపు కంచం తోసేసి లేచాడు. "పో. పోతె పో. గని ఒక్క మాట యాది పెట్టుకో, నేను పిలిస్తె తప్ప నా గడప తొక్కకు."

"నువ్వు పిలిస్తెనే వస్త" అన్నాడు అన్న.

ఇద్దరిదీ ఒక్కటే రక్తం, ఒక్కటే మొండితనం. నడుమ నలిగింది మా అవ్వ. అన్న తెల్లారి పోయాడు. రెండేళ్ళు అన్న గడప తొక్కలేదు, బాపు పిలవలేదు.

ఉత్తరాలు మాత్రం వచ్చేవి, అవ్వ పేరు మీద. అవ్వకూ చదువు రాదు కాబట్టి చదివేది నేను, తిరిగి రాసేదీ నేనే. బొంబాయిలో ఓడ కంపెనీ ఆఫీసుకు వేస్తే వాళ్ళు ఓడ ఎక్కడుంటే అక్కడికి పంపేవాళ్ళు. నేను చదువుతుంటే బాపు మా వైపు వీపు పెట్టి వాకిట్లో కూర్చునేవాడు. నాకేం పట్టిందన్నట్టు బీడీ ముట్టించేవాడు. ఉత్తరం అయిపోయేసరికి ఆ బీడీ చేతిలోనే ఆరిపోయి ఉండేది.

ఒక ఉత్తరంలో అన్న, మా ఓడ ఇయ్యాలటికి ఇన్ని వందల మైళ్ళు వచ్చింది అని రాశాడు. మర్నాడు అవ్వ నల్లా దగ్గరికి పోగానే బాపు నన్ను పిలిచాడు.

"బిడ్డా, గీ సముద్రం మీద దూరం ఎట్ల కొలుస్తరట? గొలుసు పట్టనీకె నేల ఏడున్నది? కొయ్య ఏడ పాతుతరు?"

"అన్నను అడగాల్నా?"

"అడుగు. నువ్వే అడిగినట్టు రాయి. నా పేరు తియ్యకు."

రాశాను. నెలకు జవాబు వచ్చింది, రెండు పేజీలు. వెనకటి కాలంలో ఓడ వెనక నుంచి కట్టెముక్క కట్టిన తాడు నీళ్ళలోకి వదిలేవాళ్ళట. తాడుకు సమంగా ముడులు వేసి ఉంటాయట. ఇసుక గడియారంలో ఇసుక కారిపోయేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారితే ఓడ అంత వేగంగా పోతున్నట్టట. ఇక మైలంటారా, అది భూమి చుట్టుకొలతను బట్టి కట్టింది. ఆ చుట్టును మూడు వందల అరవై భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్ళీ అరవై చేస్తే వచ్చే ముక్క ఒక సముద్రపు మైలు. ఆరువేల ఎనభై అడుగులు.

బాపు బొగ్గు ముక్క తీసుకుని వాకిలి గచ్చు మీద లెక్క వేశాడు. వేసి, కొట్టేసి, మళ్ళీ వేశాడు.

"తొంబైరెండు గొలుసులు, మీద ఎనిమిదడుగులు! మన మైలుకన్న పన్నెండు గొలుసులెక్కువ. మైలంటె మైలే గని, నీళ్ళ మీదికి పోంగనె గింత పెరుగుతదా? దొంగ లెక్క."

నాలుగు రోజులు అదే ధ్యాస. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. చివరికి దొరికింది ఆయనకు తప్పు.

"నీళ్ళు ఊకుంటయా? అవి గూడ పారుతయి గద. మరి గా కట్టె ఉన్నకాడ్నే ఉంటదా? కొట్టుకపోదా? తాడు లెక్క తప్పు. అడుగు బిడ్డా, వదలకు."

దానికి అన్న రాసిన జవాబు నాకిప్పటికీ కంఠతా వచ్చు. "చెల్లే, నీ ప్రశ్న మా ఆఫీసరుకు చెప్పిన. నిజంగనే గా తాడు లెక్కల గదే లోపమట. గీ పిల్లను సర్వేయరును చెయ్యిండ్రి అన్నడు. నీకు గింత తెలివి ఎప్పుడొచ్చింది?"

వాకిట్లో బాపు వీపు కదిలింది. అవ్వ లోపలికి పోయాక మెల్లగా అడిగాడు. "ఆఫీసరే అన్నడా? ఏదీ, గాడ మల్లొకసారి సదువు."

చదివాను. ఆయన ముఖం అట్లా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. నేనో? అబ్బో, నా పొగరు చెప్పనలవి కాదు. ఓడ ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడని బడంతా చాటుకున్నాను. పంతులు కూడా పిలిచి భుజం తట్టాడు. ఆ తెలివి నాది కాదని ఎవరికీ చెప్పలేదు. నెమ్మదిగా నేనే మరిచిపోయాను.

అట్లా ఏడాది నడిచింది. తండ్రీ కొడుకూ ఆ రకంగా మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఒకరికి తెలిసి, ఒకరికి తెలియక. నడుమ నేను.

ఆ వానాకాలం మొదట్లో జపాను నుంచి ఉత్తరం వచ్చింది. అన్నకు జ్వరం వచ్చి తగ్గిందట. ఓడలో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడూ లేడట. కలవరింతల్లో తాను ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియలేదని నవ్వులాటగా రాశాడు. బాపు రెండు రోజులు ఏమీ అడగలేదు. మూడోనాడు ఆదివారం. అవ్వ అంగడికి పోయింది. నేను ఇన్లాండు కవరు పరుచుకుని జవాబు రాయడం అప్పుడే ముగించాను. నా మార్కులు, నా జడ పొడుగు, పక్కింటి మేకపిల్ల, నాకు తేవలసిన శంఖం, రంగు పెన్నులు, అన్నీ రాసి మూడు పక్కలా నింపేశాను. బాపు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ అట్లా ఎదురుగా కూర్చునేవాడు కాదు.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది."

"జర ఒక్క మాటున్నది. రాయి, బాపు రాయమన్నడు అని. గీ కొలతల ముచ్చటంత నేనే అడిగిన అని రాయి. నేను రమ్మంటున్న, ఒకపారి ఇంటికొచ్చి పొమ్మను."

కవరు మీద జాగా లేదు. లేదని చెప్పి ఉంటే ఇంకో కవరు తెచ్చేవాడు. అంచున ఇరికిస్తే నాలుగు మాటలు పట్టేవి కూడా. కానీ ఆ ప్రశ్నలన్నీ బాపువి అని రాస్తే నా మెప్పు ఏమవుతుంది? శంఖం తెస్తాడా ఇంక నాకు? పదేళ్ళ పిల్ల బుద్ధి అంటారు. ఎంత పిల్లనైనా చేస్తున్నది తప్పని నాకు తెలుసు. కలాన్ని కాగితానికి తగలనివ్వకుండా పైపైన ఆడించాను. రాసినట్టు.

"సదువు" అన్నాడు బాపు.

అంచున మిగిలిన ఆ కొద్ది ఖాళీ వైపు చూస్తూ చదివాను. బాపు రాయమన్నడు, గీ కొలతలన్నీ నేనే అడిగిన, నేను రమ్మంటున్న, ఒకపారి ఇంటికొచ్చి పో. ఒక్క మాట పొల్లు పోకుండా చదివాను.

"బాపు అని ఏడ రాసినవ్?"

శంఖం అన్న మాట మీద వేలు పెట్టాను.

ఆయన వంగి చూశాడు. బొటనవేలితో ఆ మాటను నెమ్మదిగా తడిమాడు. "మంచిగ రాసినవ్" అన్నాడు. "అవ్వకు చెప్పకు. వాడు గుమ్మంల నిలబడ్డంక చూడనీ."

కవరు అంటించి తానే పట్టుకుపోయి డబ్బాలో వేసి వచ్చాడు.

ఆ రోజు నుంచి బాపు లెక్క మొదలైంది. నా బడి అట్లాసు తెప్పించుకున్నాడు. పటం అంచున ఉండే గీతల మధ్య దూరమే సముద్రపు మైళ్ళకు కొలబద్ద అని అన్న ఒక ఉత్తరంలో రాశాడు, దాన్ని బట్టి చీపురుపుల్ల విరిచి దాని మీద గాట్లు పెట్టాడు. ఉత్తరం అందడానికి పద్నాలుగు దినాలు. ఓడ జపాను నుంచి రావడానికి ఇరవై దినాలు. బొంబాయి నుంచి రైలు రెండు దినాలు. దొంగ లెక్క అన్న మనిషి ఇప్పుడు తొంబైరెండు గొలుసుల మైలునే వాడుతున్నాడు. అవ్వ లేనప్పుడు నన్ను పిలిచి చూపించేవాడు. నేను తల ఊపేదాన్ని. అన్న నుంచి ఇంకో ఉత్తరం రానీ, జవాబులో రాసేద్దాం అనుకున్నాను. ఆ ఉత్తరం రాలేదు. రాకపోయినా నేనే ఇంకొకటి రాయవచ్చు కదా. రాస్తే మొదట రాయలేదన్న సంగతి బయటపడుతుందని భయం. అంతే, ఇంకే కారణమూ లేదు.

ఇరవై రోజులకు బాపుకు కామెర్లు వచ్చాయి. దవాఖాన మందులూ మింగాడు, పసరూ తాగాడు. ఉప్పూ కారం మానేసి చప్పిడి తిన్నాడు. కళ్ళు పచ్చబడి మనిషి చాపకు అతుక్కుపోయాడు. అవ్వ అవతలికి పోవడమే ఆలస్యం, చెయ్యి ఊపి నన్ను పిలిచేవాడు. నేను అట్లాసు ఆయన పొట్ట మీద పెట్టి పట్టుకునేదాన్ని.

"ఇయ్యాల సింగపూరు దాటిండు" అనేవాడు నా చెవిలో.

ఆరు రోజులకు, "లంక కాడికొచ్చిండు. ఇంక తొమ్మిదొందల మైళ్ళు. సముద్రపు మైళ్ళే బిడ్డా, మన మైళ్ళు గావు. జర పొడుగుంటయి."

చెప్పేయాలని నోటిదాకా వచ్చేది. బాపూ, నేను రాయలేదు బాపూ. ఆయన కళ్ళు చూసి మింగేసేదాన్ని. చివరి రెండు రోజులు మాట స్పష్టంగా లేదు. మైళ్ళు, గొలుసులు, దినాలు, అవే గొణిగేవాడు. అవ్వ నుదురు తుడుస్తూ "ఇంక పని యాదేనా, జర పండుకోరాదు" అని ఏడ్చేది. బాపు పోయిననాటికి ఆయన లెక్క ప్రకారం అన్న ఇంకా రెండు రోజుల దూరంలో ఉన్నాడు.

పక్కింటాయన టెలిగ్రాం కొట్టాడు. అది అందేసరికి ఓడ ఎక్కడో నడిసముద్రంలో ఉందట, అన్న వచ్చింది నెలన్నరకు. కర్మలన్నీ అయిపోయాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచి, గడప దాటకుండా అక్కడే నిలబడి అవ్వను అడిగాడు.

"బాపు నన్ను యాది చేసిండానె?"

మా అవ్వకు అబద్ధం రాదు. "ఆఖరుదాక గా కొలతలే, గా మైళ్ళే బిడ్డా. పని యావల్నే పోయిండు. నీ పేరు తియ్యలే."

అన్న తల ఊపాడు. "పిలువలే గద" అన్నాడు. నేను తలుపు చాటునే ఉన్నాను. వాడు సంచిలోంచి శంఖం తీసి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను.

వారం ఉండి పోయాడు. ఆ తర్వాత ఓడ పని మానేదాకా బెల్లంపల్లిలో రెండు రోజుల కంటే ఎక్కువ నిలవలేదు. వాడి పెళ్ళికి చెబుదామనుకున్నాను, శుభమా అని పెళ్ళయితే ఇదేమిటని ఊరుకున్నాను. అవ్వ పోయినప్పుడు చెబుదామనుకున్నాను, ఏడుపులో ఏడుపని ఊరుకున్నాను. ఊరుకుంటూ ఊరుకుంటూ యాభై ఏళ్ళు దాటాయి. సిగ్గులేని బతుకు.

మనవరాలు ఆ లెక్క అడిగిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పెద్దపల్లి, అక్కడి నుంచి మంథని పోయాను. అన్న ఇప్పుడు వదిన పుట్టింటి ఊళ్ళో ఉంటున్నాడు. డెబ్బై దాటాయి, చెవులు బాగానే ఉన్నాయి. వదిన చాయ్ ఇచ్చి పొలం దగ్గరికి పోయింది. నేను చాయ్ తాగకుండానే చెప్పేశాను. ఎవరు అడిగారో, ఎవరు మెప్పు కొట్టేశారో, కలం గాలిలో ఎట్లా ఆడించానో, చీపురుపుల్ల, సింగపూరు, లంక, అన్నీ. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు రాదని భయం.

అన్న తన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అడిగాడు.

"బాపు ఏమన్నడు? నీ మాటల్ల కాదు, ఆయన మాటలు చెప్పు."

చెప్పాను.

"మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. నేను రమ్మంటున్న, ఒకపారి ఇంటికొచ్చి పొమ్మను.

వాడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "గా ఉత్తరం నాకు వైజాగుల అందింది చెల్లే."

నాకు అర్థం కాలేదు. "నువ్వు జపాన్ల ఉంటివి గదనె?"

"అప్పటికే వచ్చేసినం. ఇంజను ఖరాబైతె ఓడను వైజాగుల నిలబెట్టిండ్రు. ఇరవై దినాలు ఖాళీగ కూసున్న. గింత దగ్గరికొచ్చి ఇంటికి రాలేదని అవ్వ పరేషానైతదని మీకు రాయలే. సాయంత్రం రైలెక్కితె తెల్లారి ఖాజీపేట. ఆడ బండి మారితె పగటికి బెల్లంపల్లి. రెండుసార్లు స్టేషనుకు పోయిన. టికెట్ కిటికీ కాడ లైన్ల నిలబడ్డ. బాపు పిలువలే గద అని రెండుసార్లు మల్లొచ్చిన."

ఒక్క రాత్రి, ఒక్క పూట. బాపుకు అప్పటికి జ్వరం కూడా లేదు. మంచిగా డ్యూటీకి పోయి వస్తున్నాడు.

నన్ను తిట్టినా బాగుండేది, చెంప మీద కొట్టినా బాగుండేది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఇంకో గంట అక్కడే కూర్చుని, సంచి తీసుకుని లేచాను. ఎప్పుడు పోయినా అన్న నన్ను బస్టాండు దాకా తోలుకొస్తాడు, బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడతాడు. ఆ రోజు లేవలేదు. రా అన్నా, అని పిలవడానికి నాకు ముఖం లేదు.